విడి భాగమే కదా అనుకోవద్దు

అమెరికాలో దుకాణంలో తుపాకీ కొనాలంటే కొనేవాడి నేరచరిత్ర తనిఖీ జరగాలి. అదే తుపాకీని విడి భాగాల కిట్‌గా, ఫ్రేముకు నాలుగు రంధ్రాలు వేయకుండా మిగిల్చి అమ్మితే అది ఆయుధమే కాదన్న వాదన మీద అక్కడ ఏళ్ల తరబడి పెద్ద వ్యాపారమే నడిచింది. ‘ఎనభై శాతం’ పేరుతో అమ్మిన ఆ ఫ్రేములకు సీరియల్ నంబరు ఉండేది కాదు. నేరస్థలంలో తుపాకీ దొరికినా, అది ఎవరి చేతులు మారి వచ్చిందో పోలీసులకు అంతుచిక్కదు. ఆ ఎనభై శాతం లెక్క అమ్మకందార్లు పెట్టుకున్నదే, చట్టంలో ఎక్కడా లేదు. కాల్చగల ఆయుధంతో పాటు సులువుగా అలా మార్చుకోగల దాన్నీ, దాని ఫ్రేమునూ 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం తుపాకీగానే లెక్కిస్తుంది. కాబట్టి చూడాల్సింది ఇంకా ఎంత పని మిగిలి ఉందన్నదే.

ఈ మాటల ఆధారంగానే 2022లో ప్రభుత్వం ఇలాంటి కిట్లను నియంత్రణలోకి తెచ్చింది. ఆ నియమాన్ని 2025 మార్చి 26న సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో నిలబెట్టింది. తీర్పు రాసిన జస్టిస్ నీల్ గోర్సచ్ ఒక కిట్‌ను ఉదాహరణగా తీసుకున్నారు. దాన్ని మునుపెన్నడూ చూడని మనిషి మామూలు పనిముట్లతో, యూట్యూబ్ వీడియోలు చూసి 21 నిమిషాల్లో పిస్టల్ బిగించాడు. ఆచూకీ కోసం ప్రభుత్వానికి చేరిన ఇలాంటి తుపాకులు 2017లో సుమారు 1,600 అయితే 2021లో 19,000 దాటాయి. అలాగైతే ప్రతి ఇనుప ముక్కా తుపాకీయేనా అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. ఏది నేరమో పౌరుడికి ముందే తెలియాలి. కోర్టు కూడా ప్రతి కిట్టూ, ప్రతి ముక్కా తుపాకీయేనని అనలేదు. నడుమ కొంత దూరం గీత మసకగానే ఉంది, ఒప్పుకోవాలి. కానీ 21 నిమిషాల కిట్ ఆ మసకలో లేదు. రేపు మరో ప్రభుత్వం నియమాన్ని మార్చవచ్చు, చట్టంలోని మాటలు మాత్రం అలాగే ఉంటాయి.

అక్కడున్న మనవాళ్లకు అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. సొంతానికి తుపాకీ తయారుచేసుకోవడాన్ని ఫెడరల్ చట్టం అందరికీ నిషేధించలేదు కదా అంటారు. నిజమే, కానీ హెచ్-1బి, ఎఫ్-1 వంటి వీసాల మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీగానీ తూటాగానీ దగ్గర ఉంచుకోకూడదు. ఫ్రేమే తుపాకీ అయినప్పుడు, అల్మరాలో విప్పని కిట్ పెట్టె కూడా కేసుకు దారితీయవచ్చు. శిక్ష 15 ఏళ్ల వరకూ ఉంది, ఆపైన దేశం నుంచి పంపేయడమూ ఉంటుంది. నిషేధిత వర్గంలో ఉన్నట్టు నిందితుడికి తెలుసని ప్రాసిక్యూషనే రుజువు చేయాలని 2019లో రెహైఫ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మంచి రక్షణే. అయితే తానున్నది ఏ వీసా మీదో తెలిసినవాడు, ఈ చట్టం సంగతి తెలియదంటే చెల్లదు.

ఇక అక్కడ లైసెన్సు లేకుండా దొరికే బ్యారెల్, స్లైడ్ వంటివి సూట్‌కేసులో వేసుకుని శంషాబాద్‌లో దిగితే మరో చట్టం ఎదురవుతుంది. మన 1959 ఆయుధాల చట్టం నిర్వచనంలోనే ఆయుధాల భాగాలూ, వాటిని తయారుచేసే యంత్రాలూ ఉన్నాయి. జతపడే ఇతర భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న భాగాలకూ, మరమ్మతు చేసినా కాల్చలేని పాత తుపాకులకూ 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. లైసెన్సు లేకుండా తయారుచేస్తే మాత్రం, 2019 సవరణ తర్వాత, కనీసం ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష. కాబట్టి ఎక్కడున్నా, స్నేహితుడి పేరున వచ్చిన ఇలాంటి పార్సిల్‌ను మీ చిరునామాలో తీసుకోకండి. ఇప్పటికే ఇంట్లో అలాంటి కిట్ గానీ భాగం గానీ ఉంటే రంధ్రం వేయకండి, ఇంకొకరికి ఇచ్చేయకండి, చెత్తలో పారేయకండి. దాన్ని కదిలించే ముందే న్యాయవాదితో మాట్లాడండి. పోలీసులు ప్రశ్నిస్తే, న్యాయవాది వచ్చేదాకా మౌనంగా ఉండే హక్కు అమెరికాలో పౌరులకే కాదు, వీసా మీద ఉన్నవాళ్లకూ ఉంది.