సంకేతం తప్పిన బస్సు

రాత్రి తొమ్మిది గంటలు దాటింది. నగరంలోని ఒక బస్టాపులో ఒక విద్యార్థిని సెల్‌ఫోన్ తెర వంక చూస్తూ నిలుచున్నది. ఆమె ఎక్కవలసిన బస్సు రెండు స్టాపుల దూరంలో ఉన్నట్లు తెర సూచిస్తున్నది. పది నిమిషాలు గడిచినా ఆ గుర్తు కదలలేదు. బస్సు చెడిపోయిందా? దారి మళ్లిందా? వేచి ఉండాలా, ఒంటరిగా ఆటో ఎక్కాలా? ఆమె నిర్ణయమంతా ఆ చిన్న గుర్తుపైననే ఆధారపడి ఉన్నది.

బస్సు జాడ తెలియడానికి రెండు అంచెలు ఉన్నాయి. మొదటిది ఆకాశం నుండి బస్సుకు. జి.పి.ఎస్. ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున భూమిచుట్టూ పరిభ్రమిస్తుంటాయి. సాధారణంగా కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందినప్పుడే బస్సులోని పరికరం తన స్థానాన్ని సరిగా నిర్ణయించుకోగలదు. రెండవది బస్సు నుండి నియంత్రణ కేంద్రానికి. పరికరం తన స్థానాన్ని సెల్‌ఫోన్ టవర్ల ద్వారా తెలియజేస్తుంది. తెలంగాణ రోడ్డు రవాణా సంస్థ 2023 ఆగస్టులో ప్రవేశపెట్టిన ‘గమ్యం’ యాప్ ప్రయాణికులకు బస్సుల జాడ తెలిపేందుకు ఉద్దేశించినదే.

ఈ రెండు అంచెలలో ఏది తెగినా గుర్తు నిలిచిపోవచ్చు. ఉపగ్రహ సంకేతాలు భూమిని చేరేసరికి మిక్కిలి బలహీనపడతాయి. ఫ్లైఓవరు కింద అవి అందకపోవచ్చు. ఎత్తైన మేడల గోడలపై పడి పరావర్తనం చెందితే బస్సు పక్కవీధిలో ఉన్నట్లు కనబడవచ్చు. టవరుతో సంబంధం తెగినప్పుడు బస్సుకు తన చోటు తెలిసినా చెప్పే దారి ఉండదు. కొన్ని పరికరాలు ఆ వివరాలను దాచి, సంబంధం కలిసిన పిదప పంపుతాయి. అది లెక్కలకు పనికివస్తుంది కాని, స్టాపులో ఎదురుచూసేవారికి అక్కరకు రాదు. అత్యవసర మీట నొక్కితే వెలువడే సందేశమూ ఇటువంటి సంబంధంపైననే ఆధారపడుతుంది. కనుక ఇది కేవలం కాలహరణానికి సంబంధించిన విషయం కాదు.

దీనికి ఉపాయాలు లేకపోలేదు. లండన్ బస్సులలోని ‘ఐబస్’ వ్యవస్థ ఉపగ్రహాలనే నమ్ముకొనక, బస్సు నడచిన దూరాన్ని, తిరిగిన మలుపులను కూడా కొలిచి స్థానాన్ని అంచనా వేసేటట్లు రూపొందింది. ఇంతకన్న సులభమైన ఉపాయం మరొకటి ఉన్నది. గుర్తు పక్కన ‘ఇది 9.04 గంటలనాటి సమాచారం’ అని చూపితే చాలు. పాత వార్తను కొత్తదిగా చూపడం కంటె, అది పాతదని ఒప్పుకోవడమే ప్రయాణికునికి మేలు.

అంతలో మలుపు దగ్గర దీపాల వెలుగు కనబడింది. విద్యార్థిని ఎదురుచూస్తున్న బస్సు వచ్చి ఆగింది. తెరమీది గుర్తు మాత్రం రెండు స్టాపుల ఆవలనే ఉన్నది. బస్సు జాడ కానరాకపోవడం వేరు, బస్సే లేకపోవడం వేరు. యంత్రాన్ని ఉపయోగించేవారు ఈ భేదాన్ని గ్రహించాలి, దానిని రూపొందించేవారు ఈ భేదాన్ని చూపాలి.

అర్థాలు
పరిభ్రమించు = చుట్టూ తిరుగు
పరావర్తనం = తగిలి వెనుకకు మరలడం
అక్కర = అవసరం
కాలహరణం = కాలం వృథా కావడం

ప్రశ్నలు
1. బస్సు జాడ ప్రయాణికునికి చేరే విధానాన్ని వివరించండి.
2. తెరమీది గుర్తు నిలిచిపోవడానికి గల కారణాలేవి?
3. ‘బస్సు జాడ కానరాకపోవడం వేరు, బస్సే లేకపోవడం వేరు’ — సమర్థించండి.