లెక్కకు లొంగని విధేయత



అబ్రాహాము హారానును విడిచి బయలుదేరునప్పటికి 75 ఏండ్లవాడు. సంతానము లేదు, పోవలసిన దేశమేదో తెలియదు. దేవుడు దారియంతయు చూపక, మొదటి అడుగు మాత్రమే వేయుమనెను. అతడు వేసెను (ఆదికాండము 12వ అధ్యాయము, హెబ్రీ. 11:8).

ఇది ప్రాచీనకాలపు కథయని తలంపవలదు. మన తెలుగునాట, మనవంటి పాఠశాలలలోనే, ఇట్టి పరీక్ష జరిగినది.

తిరువూరు 2022 వరకు చేరియుండిన కృష్ణా జిల్లాకు ముఖ్యపట్టణమగు బందరులో, రాబర్టు నోబిలు దొరగారు 1843లో ఇద్దరు పిల్లలతో ఒక పాఠశాలను స్థాపించిరి. అగ్రవర్ణముల బాలురకు విద్య గరపుటయే వారి ఉద్దేశము. ఏండ్ల తరబడి శ్రమించి తలిదండ్రుల నమ్మకమును సంపాదించిరి. 1852లో మంచాల రత్నము అను బ్రాహ్మణ యువకుడును, ఐనాల భూషణము అను వెలమ యువకుడును బాప్తిస్మము కోరిరి. ఇచ్చినచో బడి ఖాళీయగుననుట ఎల్లరెరిగిన విషయమే. ఇద్దరి కొరకు ఎందరినో పోగొట్టుకొనుట వివేకమా? కొంతకాలము ఆగుమనిన తప్పేమి? లోకము అడుగు ప్రశ్నలివి. అయినను బాప్తిస్మము జరిగెను. పిల్లలను బడి మాన్పించిరి, బల్లలు బోసిపోయెను. నోబిలు దొరగారు మిగిలిన కొద్దిమందితో పాఠములు సాగించిరి. పిల్లలు మెల్లమెల్లగా తిరిగి వచ్చిరి. ఆయన స్వదేశమునకు మరలిపోక 1865లో బందరులోనే కన్నుమూసిరి. ఆ యువకులిద్దరును తరువాత గురువులుగా అభిషేకింపబడిరి.

రెండవ సంగతి ఒంగోలులో జరిగినది. 1866లో అచ్చటికి వచ్చిన జాన్ క్లౌ దొరగారు అమెరికాలో భూములు సర్వే చేసినవారు. కొలతయు లెక్కయు వారికి క్రొత్త కావు. బ్రాహ్మణులు మొదలగువారు ప్రోత్సహింపగా అచ్చట బడి నడచుచుండెను. ఇంతలో క్రీస్తును నమ్మిన మాదిగల బిడ్డలు చదువుకొనవచ్చిరి. వారిని చేర్చుకొనినచో తమ పిల్లలను పంపమని పెద్దలు తెలిపిరి. ముందు పెద్దకులములవారు వచ్చినచో తక్కినవారు తామే వత్తురని లౌకికపు లెక్క. కలతతో క్లౌ దొరగారు బైబిలు తెరువగా 1 కొరింథీ. 1:26-29 వచనములు కంటబడెను; వేరొక గదిలో వారి భార్య హారియెట్టు గారికిని ఆ వచనములే దొరకెను. లోకము ఎన్నికలేనివారని త్రోసివేసినవారినే దేవుడు ఏర్పరచుకొనునని ఆ వచనముల భావము. వారు బీదల బిడ్డలను చేర్చుకొనిరి. తక్కినవారు వెడలిపోయిరి.

తరువాత 1876-78 నాటి గొప్ప కరవు వచ్చెను. కరవుసాయము ఆశించి వచ్చుచున్నారేమోయని క్లౌ దొరగారు ఆ కాలమున బాప్తిస్మములను నిలిపివేసిరి. అది గడచిన పిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అయితే బడి ఖాళీయైన దినమున ఈ సంఖ్య వారికి తెలియదు. నోబిలు దొరగారికి అట్టి సంఖ్య ఎన్నడును కనబడనేలేదు. ఇరువురి విధేయతయు ఒక్కటే. కావున ఫలమును జూచి విధేయతను తూచరాదు.

అట్లని బుద్ధిని విడువవలెనని కాదు. ఆ మహాశయులు వేసిన లెక్క తప్పు కాదు. బడులు నిజముగనే ఖాళీయాయెను. నష్టమెంతయో ఎరిగియే వారు లోబడిరి. మనకు తోచిన ప్రతి వింత కోరికయు దైవపిలుపు కానేరదు. పరీక్షించుటకు మూడు ప్రశ్నలు చాలును: ఇది లేఖనమునకు అనుకూలమా? దీనివలన బలహీనునికి మేలు కలుగునా? నష్టము నేను భరింతునా, లేక ఇతరులపై మోపుదునా?

మీ తరగతిలో ఎవరును ప్రక్కన కూర్చుండనొల్లని బాలుడుండవచ్చును. అతనితో స్నేహము చేసినచో మిత్రులు కొందరు దూరమగుదురని మీరు లెక్కవేయవచ్చును. ఆ లెక్క నిజమే కావచ్చును. ఈ రాత్రి ఆ వచనములను తలిదండ్రులతో కలిసి చదివి, రేపు ఏ బల్లపై కూర్చుండవలెనో నిశ్చయించుకొనుడు.