పట్టణపు సంవత్సర వృత్తాంతమును చదువుట

మార్చి 31వ తేదీతో పురపాలక సంఘమువారి లెక్కల సంవత్సరము ముగియును. ఆ యేట వసూలైన పన్నెంత, వేసిన రోడ్లెన్ని, కట్టిన కాలువలెన్ని యను వృత్తాంతము పిమ్మట సిద్ధమగును. పట్టణమున నివసించువారిలో దానిని చదువువారు మిక్కిలి తక్కువ. కుళాయిలో నీరు రాని నాడు మునిసిపాలిటీని తలచుకొని, వచ్చిన నాడు మరచిపోవుట మన కలవాటైనది. విద్యార్థులు పౌరధర్మముల పాఠములో సంఘము చేయు పనుల పట్టికను కంఠస్థము చేయుదురు గాని, ఆ పట్టిక తమ వీథిలో నెంతవరకు నెరవేరెనో చూచి రమ్మని వారి కెవరును చెప్పరు. అందుచేత ఆ వృత్తాంతమును ఎట్లు చదువవలయునో యిచ్చట కొంత వ్రాయుచున్నాము.

ముందుగా ఒక పట్టణపు కథ చెప్పవలసియున్నది. తమకు మునిసిపాలిటీయే వలదని ఊరు విడిచిపోయిన ప్రజల కథ యది.

చీరాల, పేరాల యనునవి సముద్రతీరమునకు సమీపమున ఒండొంటి నానుకొనియున్న గ్రామములు. ఇవి యిప్పుడు బాపట్ల జిల్లాలో నున్నవి. ఆ కాలమున గుంటూరు జిల్లాలోనివి. అచ్చట నేతపనివారు, చిన్న వర్తకులు, కూలివారు ఎక్కువగా నుండిరి. ఈ గ్రామములును ప్రక్కనున్న పేటలును కలిసి యూనియనుగా నున్నప్పుడు సంవత్సరమునకు వచ్చెడి పన్ను సుమారు 4,000 రూపాయలు. 1920లో ప్రభుత్వమువారు దానిని మునిసిపాలిటీగా మార్చగా పన్ను సుమారు 40,000 రూపాయలకు పెరుగునట్లయ్యెను. జనసంఖ్య దాదాపు 15,000. లెక్కలలో నేర్పుగల విద్యార్థులు దీనిని భాగించి చూడుదురు గాక. తలకు నాలుగణాల చిల్లరగా నుండినది రెండు రూపాయల పదియణాల యెనిమిది పైసలైనది. అయిదుగురున్న నేతగాని యింటికి పదమూడు రూపాయలకు పైబడినది. మగ్గముపై బ్రతుకువానికి ఆ దినములలో నది చిన్న మొత్తము కాదు.

ప్రజలు తమ యిష్టము లేదని మొఱపెట్టుకొనిరి. వినబడలేదు. పన్ను చెల్లించుట మానిరి. కొందరు చెఱసాలకు పోయిరి, వారిలో ఒక స్త్రీయు నుండెను. ఎడింబరోలో చదివి వచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు వారికి నాయకులై, రామదండు అను స్వచ్ఛంద సేవకుల దళమును కూర్చిరి. 1921 ఏప్రిలులో గాంధీగారు చీరాలకు వచ్చినప్పుడు ఊరు విడిచిపోవుట కూడ శాంతియుతమైన మార్గమే యని సూచించిరి. మునిసిపాలిటీ హద్దులకు వెలుపల పాకలు వేసికొని, ఆ చోటునకు రామనగరమని పేరుపెట్టి, జనులలో అధికభాగము దాదాపు పదునొకండు నెలలు అచ్చటనే కాలము గడపిరి. వేసవియెండయు వానయు తాటాకు కప్పుల క్రిందనే గడచినవి. ఆ సంవత్సరముననే గోపాలకృష్ణయ్యగారిని నిర్బంధించి కారాగారమునకు పంపిరి. కష్టములు పెరిగి, తుదకు జనులు తమ యిండ్లకు మరలిరి.

వారు శుభ్రతకు విరోధులని కొంద రందురు. మే మట్లు తలంపము. తా మడుగని సంఘమునకు, తాము శక్తికి మించినదని చెప్పిన పన్నును, ఏ వీథి కేమి వచ్చునో తెలియకయే యిమ్మనుట వారికి సహింపరానిదయ్యెను. చీరాల నేడు పురపాలక పట్టణమే. పన్నులును ఉన్నవి. అయినను నాటికిని నేటికిని భేదము చాల గలదు. నాడు ఓటుహక్కు ఆస్తియో పన్నో గల కొలదిమందికే పరిమితమై యుండెను. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ పురపాలక చట్టము, 1993 జూన్ 1 నుండి అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, తెలంగాణమున 2019 నాటి చట్టము, వీని వివరములు విద్యార్థులు పాఠ్యగ్రంథములలో చూడగలరు. వయస్సు వచ్చిన ప్రతివారికిని ఓటు, సంఘమునకు అయిదేండ్ల గడువు, మూడింట ఒకవంతునకు తక్కువగాకుండ స్త్రీలకు స్థానములు ఏర్పడినవని గ్రహించిన ప్రస్తుతమునకు చాలును. 2005 నాటి సమాచారహక్కు చట్టమునుబట్టి ఏ పౌరుడైనను లెక్క యడుగవచ్చును. ముప్పది దినములలో సమాధానము రావలయును.

అడుగు హక్కు వచ్చినది సరే; ఏమి యడుగవలయును? నీటి విషయమే తీసికొందము. భూగర్భపు మురుగు గొట్టములు గల పట్టణములలో మనిషికి దినమునకు 135 లీటర్ల నీరీయవలెనని భారతప్రభుత్వ నిపుణులు కొలత నిర్ణయించిరి. ముప్పదివేల జనులున్న అట్టి పట్టణ మొకటి గలదనుకొందము. దానికి కావలసినది 40 లక్షల 50 వేల లీటర్లు. వృత్తాంతములో 45 లక్షలని యున్నచో మనము సంతోషింతుము. అయితే అది ట్యాంకును విడిచిన నీరా, ఇంటికి చేరిన నీరా? పగిలిన గొట్టములలో పోవునది కొంత, మెరకనున్న వీథి కెక్కనిది కొంత. గొట్టపు చివర నున్న యింట బిందె యెంతసేపటికి నిండునో చూచినగాని వృత్తాంతములోని యంకె నిజము తేలదు.

ఇంతకన్న ముఖ్యమైన సంగతి మరియొకటి గలదు. దినమున కొకగంటయో రెండు గంటలో నీరు విడుచు పట్టణములలో మిగిలిన కాలమంతయు గొట్టములు ఖాళీగా నుండును. అప్పుడు లోపలి ఒత్తిడి తగ్గును. ఆ గొట్టము మురుగు కాలువను దాటుచోట బీటయున్నచో, బయటి మురికి లోపలికి పీల్చుకొనబడును. మరునాటి ఉదయము మొదటి బిందెలో నదియే వచ్చును. విరేచనములును కామెర్లును ఒక వీథిలో నొకేమారు పుట్టుటకు తరచుగా కారణ మిదియే. ఇందుకే కుళాయి చివరను గూడ లీటరునకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెనని నియమము పెట్టిరి. ట్యాంకు వద్ద కలిపినది దారిలో తరిగిపోవును గావున పరీక్ష చేయవలసినది ట్యాంకు వద్ద మాత్రమే కాదు, కడపటి యింటి వద్ద. కాలువ దాటు గొట్టము లెన్ని మార్చితిరి, కడపటి కుళాయి వద్ద ఎన్నిమారులు పరీక్షించితిరి యను రెండు ప్రశ్నలకు వృత్తాంతములో జవాబున్నచో, ఆ పట్టణము నిజముగా నొకమెట్టు ఎక్కినదని చెప్పవచ్చును. ఊరి మొగదల కట్టిన స్వాగతతోరణపు ఛాయాచిత్రము మొదటి పుటలోనే యుండును, దానిని వెదుకనక్కరలేదు.

చెత్త విషయములో సంఘమువారిని మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు. తడిచెత్త, పొడిచెత్త, అపాయకరమైనది వేరువేరుగా నీయవలెనని 2016 నాటి నియమములు గృహస్థులకే విధించినవి. మన యింట అన్నపు మెతుకులతో పగిలిన సీసాపెంకును కలిపి బండిలో వేసినచో, దానిని చేతితో వేరుచేయువాడు పారిశుద్ధ్య కార్మికుడు. తెగునది వాని చేయి.

పన్నుల పుటలో మూడు వరుసలుండును: రావలసినది, వసూలైనది, బకాయి. చాలమంది రెండవ వరుస చూచి ఊరకుందురు. మూడవదే చదువదగినది. బకాయి పూరిండ్లవారిదా, పెద్ద కట్టడములవారిదా యని యడిగిన చాలు, పట్టణమును గూర్చి యెంతయో తెలియును.

ఆ పుటలోనే విద్యార్థులకు సొంతమైన పద్దొకటి యున్నది. అది గ్రంథాలయపు సెస్సు. 1960 నాటి గ్రంథాలయ చట్టమునుబట్టి ఇంటిపన్ను రూపాయకు 8 పైసల చొప్పున దీనిని పురపాలక సంఘమువారు వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు చెల్లింపవలయును. తండ్రి 1,000 రూపాయల ఇంటిపన్ను కట్టినచో, దానిపై 80 రూపాయలు కుమారుడును కుమార్తెయు చదువుకొను పుస్తకములకై చెల్లించెనన్నమాట. వసూలైన సెస్సెంత, గ్రంథాలయ సంస్థకు చేరిన దెంత? ఈ రెండంకెలను వ్రాసికొని, సాయంకాలము ఊరి గ్రంథాలయమునకు పోయి, ఈ యేట వచ్చిన క్రొత్త పుస్తకము లెన్నో లెక్కించి రావలయును.