చలికాలపు పొద్దుటి గాలి మంచిదని ఎవరన్నారే?

ఏమే చెల్లీ, ఎండాకాలం వస్తోందంటే మన పల్నాడంతా గుండెలు బాదుకుంటుంది. అదే సంక్రాంతి నెల పట్టిందంటే కిటికీలు బార్లా తీసి "అబ్బ, ఎంత హాయిగా ఉందో" అనుకుంటాం. నేను చెప్పేది తిరకాసుగా అనిపిస్తుందేమో గానీ, కాస్త విను. మన ఊపిరితిత్తులకు గడ్డుకాలం రోహిణి కార్తె కంటే ధనుర్మాసమే.

ఎండ సంగతి నీకు కొత్తగా చెప్పాలా? మే నెలలో పేపరు తీస్తే రెంటచింతల పేరు ఉండాల్సిందే. అక్కడ వాతావరణ శాఖ కేంద్రం ఉంది కాబట్టి ఆ ఊరి అంకె బయటికొస్తుంది. అంతమాత్రాన పక్కనున్న గురజాల, మాచర్ల చల్లగా ఉంటాయని కాదు. సముద్రమా దూరం, కాళ్ళకింద సున్నపురాయి, మీదికొచ్చేది వాయవ్యపు పొడి గాడ్పు. మైదానాల్లో 45 డిగ్రీలు చేరితే వడగాలి, 47 చేరితే తీవ్రమైన వడగాలి అని వాతావరణ శాఖ లెక్క. 2015 మేలో మన రాష్ట్రంలో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా పోయారు. కాబట్టి ఆ భయం ఉండాల్సిందే. కానీ ఎండ దొంగచాటుగా రాదు. ఒంటికి తెలుస్తుంది, గొడుగు వేస్తాం, మజ్జిగ తాగుతాం, మధ్యాహ్నం తలుపేసుకుని పడుకుంటాం. పొగ అలా కాదే. మంచు వేషం కట్టుకుని వస్తుంది.

ఎందుకంటావా? చలి రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల గబగబా చల్లారిపోతుంది. నేలనంటుకున్న గాలి కూడా చల్లబడి, బరువెక్కి కిందే ఉండిపోతుంది. దానిమీద వెచ్చటి గాలి పొర మూతలా పడుతుంది. ఊళ్ళో పుట్టిన పొయ్యి పొగ, లారీ పొగ, చెత్త పొగ అంతా ఆ మూత కిందే సుడి తిరుగుతుంది. పొద్దెక్కి నేల కాగితే గానీ, ఏ తొమ్మిదింటికో పదింటికో గానీ అది లేవదు. వేసవిలో కాగిన నేల గాలిని కిలోమీటర్ల ఎత్తుకు తోసేస్తుంది కాబట్టి దుమ్ము లేచినా పొగ పలచబడిపోతుంది. వానాకాలంలోనైతే వాన కడిగేస్తుంది, గొడవే లేదు.

ఇప్పుడు చెప్పు, ఆ మూత బిగిసి ఉన్న వేళల్లో మనం ఏం చేస్తుంటాం? ముగ్గు వేస్తుంటాం. పొడి చీపురుతో వాకిలంతా ఊడ్చి, ఆ దుమ్మంతా మింగి, ఆ తర్వాత తీరిగ్గా కళ్ళాపి చల్లుతాం. ముందే నాలుగు దోసిళ్ళ నీళ్ళు చిలకరించి ఊడవరాదూ? మా ఆయనలాంటి వాళ్ళు ఇంకో రకం. ఏడాదంతా నడవరు గానీ, సరిగ్గా డిసెంబరులో మంకీ క్యాపు పెట్టుకుని ఐదింటికే రోడ్డెక్కుతారు. చలికాలంలో నడక ఎండ పొడ వచ్చాకే పెట్టుకోవాలి, వేసవిలో తెల్లవారుజామున. మనం చేసేది సరిగ్గా తలకిందులు.

ఇక మన జిల్లా సొగసులు కొన్ని ఉన్నాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు. కల్లాల్లో ఎర్రగా ఆరబోసి ఉంటే చూడ్డానికి ఎంత బాగుంటుందో, పక్కనుంచి వెళ్తే అంత తుమ్ము. అక్కడ తొడిమలు తీసేదీ, మచ్చకాయ ఏరేదీ, బస్తాలు నింపేదీ ఎక్కువగా ఆడకూలీలే. కొంగు ముక్కుకు చుట్టుకుని పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఆ ఘాటులో కూర్చుంటారు. ఆ కారం ఊపిరిగొట్టంలోని నరాలను రేపుతుంది, ఉబ్బసం లేనివాళ్ళకూ దగ్గు పుట్టిస్తుంది. కొంగు పెద్ద నలుసును ఆపుతుంది గానీ సన్నటి ధూళిని ఆపలేదు. కరోనా రోజుల్లో అందరం వాడిన ఎన్95 మాస్కు ఆపుతుంది. కూలీ డబ్బులతో పాటు ఒక మాస్కు కూడా చేతిలో పెట్టమని మీ ఆయనకు చెప్పు. మిరపకాయ ధర మీద గంటలు గంటలు మాట్లాడే మన మగవాళ్ళు ఈ విషయం ఒక్కసారైనా ఎత్తగా విన్నావా?

కోతలయ్యాక మిరప కట్టె, పత్తి కట్టె చేలోనే అంటించేస్తారు. పిడుగురాళ్ళ వైపు సున్నపు బట్టీలు, దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, రాయి మోసే టిప్పర్లు. దారి పక్క చెట్ల ఆకులు ఏ రంగులో ఉంటాయో నీకు తెలుసు. వాటిమీదే ఎన్నో కుటుంబాలు తింటున్నాయి, మూసెయ్యమని నేననను. టిప్పరు మీద పట్టా కప్పమని, రోడ్డు తడపమని అడగడం తప్పు కాదుగా? పదిహేనో శతాబ్దంలో శ్రీనాథుడు పల్నాటికొచ్చి నీళ్ళనూ జొన్నకూడునూ తిట్టిపోశాడని చాటువులు చెబుతాయి. గాలిని తిట్టినట్టు నేనెక్కడా చదవలేదు. నీళ్ళ కొరత సాగర్ కుడికాలువ వచ్చి చాలావరకు తీర్చింది, గాలికి కాలువ తవ్వలేం కదా!

"ఫోనులో చూస్తే మా పేటలో గాలి బాగానే ఉందని వస్తోందక్కా" అంటావు. ఆ అంకెను అంతగా నమ్మకు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన స్వచ్ఛ వాయు పథకంలో మన రాష్ట్రం నుంచి 13 నగరాలున్నాయి. గుంటూరు ఉంది, పల్నాటి ఊరు ఒక్కటీ లేదు. చిన్న ఊళ్ళకు ఫోను చూపించేది చాలాసార్లు ఉపగ్రహాల సమాచారంతో కట్టిన అంచనా. నా కొలమానం వేరు. నరసరావుపేటలో మేడెక్కి కోటప్పకొండ వైపు చూడు. మూడు శిఖరాలూ విడివిడిగా కనబడితే పిల్లల్ని ఆటకు వదులు. కొండే కనబడకపోతే ఎండ ముదిరేదాకా ఇంట్లో ఉంచు. శివరాత్రి తిరునాళ్ళలో విద్యుత్ ప్రభల జనరేటర్ల పొగ గురించి మాత్రం నన్నడక్కు, నాకూ ఈ ఊళ్ళో బతకాలనుంది.

బయటి పొగను తిడుతూ ఇంట్లో మనం పెట్టేదేంటో కూడా చూసుకుందాం. దోమల చుట్ట ఒక్కటి పూర్తిగా కాలితే వచ్చే సన్నధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉండేంత అని ఒక పరిశోధనలో తేలింది. చలికని తలుపులన్నీ మూసి, చంటిపిల్లాడి మంచం కింద అది వెలిగిస్తాం! తెల్లారేసరికి పిల్లాడికి పిల్లికూతలు వస్తే చల్లగాలి తగిలిందంటాం. దోమతెర కట్టవే తల్లీ. పిల్లికూతలు తగ్గకపోతే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళు, ఇన్‌హేలరు రాస్తే భయపడకు. మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, అలవాటైపోతుందన్నది వట్టి పుకారు. భోగి మంటలో కూడా పిడకలు, కట్టెలు వెయ్యండి, మంట బాగా లేస్తుందని కుర్రాళ్ళు తెచ్చే పాత టైర్లను గుమ్మం దగ్గరే ఆపండి.

చివరగా మీ వీధి చివర రోజూ పొద్దున్నే అంటుకునే చెత్తకుప్ప. చెత్తను బహిరంగంగా తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున తగలబెడితే 25,000 జరిమానా అని 2016 డిసెంబరులోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. ఊడ్చే మనిషి మీద అరవకు, ఆమె కూడా ఆ పొగే పీలుస్తోంది, బండి రాకపోతే ఆమె మాత్రం ఏం చేస్తుంది? ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కలిసి వార్డు సచివాలయానికి వెళ్ళండి. ఫోటో తీసుకెళ్ళండి, కాగితం రాసిచ్చి రసీదు అడగండి. బండి ఏ రోజుల్లో వస్తుందో అక్కడే చెప్పించుకుని రండి.