డ్యూటీ మనుషుల కడుపుకూ ఒక వేళ ఉంది

గుణుపురంలో తెల్లారకముందే రాయగడ, పర్లాకిమిడి బస్సులెక్కే ఉద్యోగులను ఏం తిన్నారని అడిగితే చాలామంది చెప్పేది "టీ తాగాం" అనే. పదింటికి బజ్జీ, మళ్ళీ టీ, మూడింటికి అన్నం, జేబులో గ్యాస్ మాత్ర. మాత్ర మార్చేముందు వేళలు మార్చి చూడండి.

నోటి నుంచి మలద్వారం దాకా మన ఆహారనాళం సుమారు 9 మీటర్లు. అందులో 6 మీటర్లు చిన్నపేగుదే. తిన్న అన్నం జీర్ణాశయంలో రెండు నుంచి నాలుగు గంటలుంటుంది, నూనె వంటలైతే ఇంకా ఎక్కువ. అంతా ఖాళీ అయ్యాక గంటన్నర, రెండు గంటలకోసారి చిన్నపేగు చివరిదాకా ఒక అల కదిలి, మిగిలిన తుక్కునూ సూక్ష్మజీవులనూ ఊడ్చుకుపోతుంది. మీటింగులో కడుపు గుడగుడలాడితే సిగ్గుపడతాం గానీ, తరచూ అది ఈ ఊడుపు చప్పుడే. చిరుతిండి నోట్లో పడిందా, ఊడుపు ఆగిపోతుంది. గంటకో బిస్కెట్టు తినేవారి పేగుకు ఊడ్చుకునే తీరికెక్కడిది? తిండికీ తిండికీ నడుమ మూడు నాలుగు గంటలు వదలండి. మంచినీళ్ళు తాగొచ్చు. షుగరు మందులు వాడేవారు మాత్రం డాక్టరు చెప్పిన వేళలే పాటించాలి.

పొద్దున ఏదైనా తినగానే పెద్దపేగు కదులుతుంది. బస్సు తప్పుతుందని ఆ పిలుపును ఆపుకుంటే మలంలోని నీరు ఇంకిపోయి గట్టిపడుతుంది. అరగంట ముందు లేచి చోడంబలో చద్దన్నమో తిని, కాసేపు ఇంటిపట్టున ఉండి బయల్దేరండి. మరుగుదొడ్డి లేని చోట పనిచేసే ఆడవాళ్ళు నీళ్ళే మానేస్తారు. ఆ తప్పు వాళ్ళది కాదు, ఆఫీసుది. కలిసి అడగాల్సిన సంగతది.

ఒళ్ళునొప్పులకు పరగడుపున డైక్లోఫెనాక్ మింగే అలవాటు అన్నిటికంటే చెడ్డది. జీర్ణాశయం గోడను ఆమ్లం నుంచి కాచే జిగురుపొరను అది బలహీనపరుస్తుంది. పుండుకు కారాన్ని తిడతాం గానీ అసలు దోషులు ఈ మాత్రలూ, హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. దాన్ని కనిపెట్టినందుకే శాస్త్రవేత్తలు మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది.

వానాకాలం ఊళ్ళు తిరిగే ఉద్యోగమైతే సంచిలో రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లుండాలి. మన రాయగడ జిల్లాలోనే కాశీపూర్‌లో 2007లో, మళ్ళీ 2022లో కలరా ప్రాణాలు తీసింది. విరేచనాలవుతున్నా పేగు ఓఆర్‌ఎస్‌లోని గ్లూకోజును పీలుస్తూనే ఉంటుంది. దానితోపాటే ఉప్పూ నీరూ లోపలికి వెళ్తాయి. పెద్ద ప్యాకెట్టుకు సరిగ్గా లీటరు నీళ్ళు, తక్కువ పొయ్యొద్దు.

మలం తారులా నల్లగా వస్తే, మింగుడు పడకపోతే, కారణం లేకుండా బరువు తగ్గితే మందులషాపుకు కాదు, సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్ళండి.