పని చోట మంచినీరు - మేలు జరిగిందో లేదో తేల్చుకొనడమెలా?

పాడి రైతు దాణా మార్చినపుడు మేలు జరిగిందో లేదో పాల కొలత చూసి తెలుసుకుంటాడు. వానలు పడి పచ్చిగడ్డి దొరికినందువల్ల పాలు పెరిగితే, ఆ పెంపును దాణా ఖాతాలో వేయడు. మన సంఘాలలో, శీతలీకరణ కేంద్రాలలో పనిచేసేవారి ఆరోగ్యానికై చేసే ఏర్పాట్లను కూడా ఇలాగే పరీక్షించాలని మా మనవి. మన ప్రాంతానికి బాగా తెలిసిన నీటి విషయాన్నే ఉదాహరణగా తీసుకుందాం.

నల్లగొండ జిల్లాలోను, మహబూబ్‌నగర్ జిల్లా గ్రామాలు కొన్నింటిలోను ఫ్లోరైడు పాత శత్రువు. రాళ్ళలోని ఫ్లోరైడు బోరు నీటిలో కరుగుతుంది. త్రాగునీటిలో ఇది లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదనీ, వేరే నీరు దొరకనపుడు 1.5 వరకు అనుమతించవచ్చుననీ భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. అంతకు మించిన నీటిని ఏళ్ళ తరబడి త్రాగితే పిల్లల పండ్లు గారపడతాయి. పెద్దల వెన్ను, కీళ్ళు బిగుసుకుంటాయి. ఈ ప్రాంతంలో మోకాళ్ళు లోపలికి వంగే జబ్బును గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కృష్ణస్వామి గార్లు 1973లో ప్రకటించారు.

నాగపూరులోని 'నీరి' సంస్థ 1970 దశకంలో రూపొందించిన పద్ధతికి మన నల్లగొండ పేరే వచ్చింది. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరిన నీటిని వాడడమే ఆ పద్ధతి. పటిక మోతాదు నీటినిబట్టి మారుతుంది గనుక రోజూ శ్రద్ధ కావాలి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా నది, జలాశయాల నీరు ఊళ్ళకు వచ్చింది. అయితే ఏర్పాటు చేయడం వేరు, దాని ఫలితం దక్కడం వేరు. ఫలితం చూడడానికి నాలుగు సూత్రాలు:

1. మొదలు పెట్టకముందే లెక్క వ్రాయాలి. నీటిని పరీక్ష చేయించి, ఎవరికి ఏ నొప్పులున్నవో, నెలకెన్ని రోజులు పని మానుతున్నారో రిజిస్టరులో ఎక్కించాలి. మొదటి కొలత లేనిదే పెరుగుదల, తగ్గుదల తెలియవు.

2. మారగల గుర్తునే చూడాలి. పెద్దల పండ్ల గార నీరు మారినంత మాత్రాన పోదు. అది పోలేదు గనుక మంచినీరు దండుగ అనరాదు. మూత్రంలోని ఫ్లోరైడును పరీక్షించాలి. ఎముకలలో చేరినది మెల్లగా బయటికి వస్తుంది కాబట్టి ఒక్కసారితో సరిపెట్టక ఏటేటా చూడాలి.

3. ఇంటి నీటిని మరువరాదు. కేంద్రంలో మంచినీరు త్రాగి, ఇంట్లో బోరు నీరే త్రాగితే, వంటకూ అదే వాడితే ఫలితం కానరాదు. అపుడు లోపం కేంద్రంలోని నీటిది కాదు.

4. సరియైన పోలిక ఉండాలి. తమంతట ముందుకు వచ్చినవారిని, రానివారితో పోల్చితే మోసపోతాం. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 2016లో సుమారు 5,000 మంది ఉద్యోగులను చీటీలు వేసినట్లుగా విభజించి, కొందరికే ఆరోగ్య కార్యక్రమం అందించారు. అందులో చేరినవారు మొదటినుండే ఆరోగ్యవంతులని తేలింది. చీటీ ప్రకారం పోల్చి చూస్తే, మొదటి ఏడాదిలో వైద్య ఖర్చులో గాని, అలవాట్లలో గాని చెప్పుకోదగ్గ మార్పు లేదు.

అట్లని పోలిక కోసం ఎవరికీ మంచినీరు ఆపరాదు. అన్ని కేంద్రాలకు ఒకేసారి డబ్బు చాలనపుడు, ఎవరికి ముందో చీటీలు వేసి నిర్ణయించవచ్చు. వంతు రానివారి లెక్క పోలికకు పనికివస్తుంది, తగవూ ఉండదు.

ఈ ఖర్చంతా సభ్యులు పోసిన పాల సొమ్ము. దాణా బిల్లు అడిగినట్లే సర్వసభ్య సమావేశంలో ఈ లెక్క కూడా అడగండి. ఎన్ని నీటి డబ్బాలు కొన్నారని కాదు, పనివారి ఒంట్లో ఏమి మారిందని అడగండి.