బాగుచేసుకుంటే చెత్త తగ్గుతుంది



పట్నాల్లో చెత్త పెరిగిపోతోందని మనం పాఠంలో చదువుకున్నాం. విశాఖపట్నం చెత్తను ఏళ్ళ తరబడి లారీల్లో కాపులుప్పాడకు తీసుకెళ్ళి పోశారు. హైదరాబాదు చెత్త జవహర్ నగర్‌లో కొండలాగ పేరుకుంది. పారేసినవాళ్ళు ఒకచోట ఉంటారు, ఆ వాసన పీల్చేవాళ్ళు ఇంకోచోట. ఇది నాకు న్యాయంగా అనిపించలేదు.

పాతవి కరిగించి కొత్తవి చేయొచ్చు కదా అంటారు. దాన్నే రీసైక్లింగ్ అంటారు. మంచిదే గానీ దానికి చెత్త ఏరాలి, కడగాలి, ముక్కలు చెయ్యాలి, కరిగించాలి. నీళ్ళూ కరెంటూ ఖర్చు. ప్లాస్టిక్ అయితే కరిగించిన కొద్దీ గట్టితనం తగ్గుతుంది. అదే బకెట్‌కి పట్టుకునే తీగ ఊడిపోయిందనుకోండి, కొత్త తీగ వేస్తే సరి. అందుకని మొదట మళ్ళీ వాడుకోవడం, బాగుచేసుకోవడం. అవి కుదరకపోతేనే కరిగించడం.

మా ఊళ్ళో ఇది ఎవరూ పాఠంగా చెప్పలేదు. చిల్లుపడిన గిన్నెకు మాటు వేయిస్తారు. పాత చీరలు బొంత అవుతాయి. గొడుగు పుల్ల విరిగితే సంతలో తాత బాగుచేసి ఇస్తాడు. పట్నంవాళ్ళకు ఇవి తెలియక కాదు. అక్కడ ఒక్కోసారి బాగుచేసే కూలి కొత్త వస్తువు ధరకు దగ్గరగా ఉంటుంది. చాలా ఫోన్లలో బ్యాటరీని జిగురుతో అంటించేస్తారు, విప్పడమే కష్టం. ఇంక పారెయ్యక ఏం చేస్తారు?

నెదర్లాండ్స్ దేశంలోని ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో 2009లో మార్టీన్ పోస్ట్మా అనే ఆవిడ ‘రిపేర్ కెఫే’ మొదలుపెట్టారు. పాడైన మిక్సీనో చొక్కానో అక్కడికి తీసుకెళ్తే, పని తెలిసినవాళ్ళు డబ్బు తీసుకోకుండా మన పక్కనే కూర్చుని బాగుచేస్తారు. మనకూ నేర్పుతారు. ఇప్పుడు అలాంటివి చాలా దేశాల్లో ఉన్నాయి. ఫ్రాన్సులో 2021లో ఒక నియమం వచ్చింది. ఫోను, టీవీ, బట్టలుతికే మిషను లాంటివి అమ్మేటప్పుడు, బాగుచెయ్యడం ఎంత సులువో 10కి మార్కులు వేసి చూపించాలని అప్పుడు చెప్పారు. మనకు పరీక్షల్లో వేసినట్టే!

మన దేశంలో కూడా 2023 మే నెలలో పట్టణాల్లో ఆర్.ఆర్.ఆర్. కేంద్రాలు తెరిచారు. సినిమా కాదు, రెడ్యూస్, రీయూజ్, రీసైకిల్. పాత బట్టలు, పుస్తకాలు, చెప్పులు, బొమ్మలు అక్కడ ఇస్తే పనికొచ్చేవి వేరేవాళ్ళకు చేరతాయి. కానీ తీసుకుని పెట్టుకుంటే చాలదు, బాగుచేసేవాళ్ళు కావాలి. చెప్పులు కుట్టే తాతను, కుట్టుమిషను అక్కను రోడ్డుకి అడ్డమని లేపేస్తే ఎట్లా? వాళ్ళకి మార్కెట్టులో నీడా చోటూ ఇవ్వాలి. చెత్త లారీలకు పెట్టే ఖర్చులో కొంచెం ఇటు పెట్టినా సరిపోతుందని నా అభిప్రాయం.

మన స్నానాల గది వెనక విరిగిన బకెట్లు 11 ఉన్నాయి, లెక్కపెట్టాను. అందులో 7 బకెట్లకు తీగ మాత్రమే లేదు. మిగిలిన 4 పగిలాయి, వాటిలో మట్టి పోసి వంగనారు వేయొచ్చు. మేడంగారూ, స్టోరు గదిలో ఉన్న కటింగ్ ప్లేయరు ఒక ఆదివారం మాకు ఇప్పిస్తే తీగలు మేమే వేస్తాం.

– 9వ తరగతి విద్యార్థిని